పైడమ్మ చూసిన ఎంగిలాకులు

జోగినాథం మాస్టారితో చిక్కేమిటంటే, అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పరు. ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనా ఆ గుణం పోలేదు. ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు అదే కాలేజీలో బి.ఏ. విభాగాన్ని చూస్తున్న తవిటినాయుడు, మాస్టారి మనవరాలి బారసాలకు వచ్చి కూడా తన గోడే వెళ్ళబోసుకున్నాడు.

"మా బి.ఏ. ఎలా నడుస్తోందో, ఏం బాగుచెయ్యాలో సోమవారానికి రిపోర్టు ఇవ్వాలి మాస్టారూ. పిల్లల చేత ఫారాలు నింపిస్తే అందరూ 'చాలా బాగుంది' అనే రాశారు. చరిత్ర క్లాసుకి వెళ్తే సగం బెంచీలు ఖాళీ. ఆ సబ్జెక్టు తీసేసి కంప్యూటర్ పెట్టమని రాసేస్తున్నాను. ఏమంటారు?" చరిత్ర అతను చెప్పేదే. పదేళ్ళుగా ప్రాణం పెట్టి చెబుతున్నాడు.

మాస్టారు అతని చెయ్యి పట్టుకుని పెరట్లోకి, ఎంగిలాకులు పడేసే చోటికి తీసుకెళ్ళారు. అక్కడ వంటల పైడమ్మ నిలబడి ఉంది. మొదటి బంతి అప్పుడే లేచింది. చేతులు కడుక్కుంటూ "వంట అమృతం పైడమ్మా" అని ప్రతివాళ్ళూ అంటున్నారు. ఆమె తలూపుతోందే గాని, చూపంతా ఆకుల మీదే. పనసపొట్టు కూర ఏ ఆకులో చూసినా వేసింది వేసినట్టే ఉంది.

"మనుషులు మొహమాటానికి అబద్ధమాడతారు బాబూ. ఆకు ఆడదు," అంది.

"అయితే ఆ కూర ఆపించెయ్యమ్మా," అన్నాడు నాయుడు.

పైడమ్మ అతన్ని ఎగాదిగా చూసి, గంగాళంలోంచి కాస్త కూర తీసి నోట్లో వేసుకుంది. ఉప్పూ ఆవా కుదిరాయి. అప్పుడు వడ్డించేవాళ్ళని పిలిచి ఆరా తీసింది. బూరెలు, పులిహోర, పప్పు, పులుసు అన్నీ అయి, కడుపులు నిండాక కూర తెచ్చారట. వాళ్ళకి నాలుగు చీవాట్లు పెట్టి, రెండో బంతికి మొదటి అన్నంలోనే వెయ్యమంది. కూర అదే, ఉప్పురాయి కూడా మారలేదు. రెండో బంతి ఆకులు తుడిచినట్టు వచ్చాయి. మారు అడిగినవాళ్ళే ఎక్కువ.

నాయుడు వంగి ఆ ఖాళీ ఆకులకేసి చూశాడు. మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"నీ చరిత్ర క్లాసు ఎన్నింటికోయ్?"

"ఆఖరి పీరియడ్ మాస్టారూ. మూడున్నరకి."

"మరి నీ క్లాసు పిల్లలు పల్లెలకెళ్ళే ఆఖరి బస్సు?"