వెనక్కి తిరగమన్న గురువమ్మ

“సత్తెమ్మా! తలుపు తియ్యవే తల్లీ!” అని వీధి చివర్నుంచి ఒకటే కేకలు. సత్తెమ్మకి పుట్టుకతోనే చెవులు వినబడవు. కేకలు వేస్తున్నది ఆమె సొంత అన్న గవర్రాజు. కంగారు అలాంటిది మరి!

సరిగ్గా అప్పుడే జోగారావు తన గురువు విశాలాక్షమ్మగారిని ఒక ప్రశ్న అడిగాడు. మనసు చెదిరినవాళ్ళని మాటతో నిలబెట్టే విద్య ఆవిడది. “అమ్మా, సత్తెమ్మ చేతులతో చెప్పేదంతా వాళ్ళన్న మనకి విప్పి చెబుతూనే ఉన్నాడు కదా. మళ్ళీ కాకినాడ నుంచి మస్తాన్‌బీ గారిని రప్పించడం దేనికండీ?”

మస్తాన్‌బీ కూడా వినబడని మనిషే. ఆవిడదీ చేతుల భాషే, చదివిందీ ఈ విద్యే. అప్పుడే బస్సు దిగి వచ్చి మా ఎదురుగా కూర్చుంది. గురువమ్మ జవాబు చెప్పేలోపే ఆ కేక! అందరం పరుగో పరుగు, భోజనం కారియరు పట్టుకుని, గురువమ్మగారింట వంట చేసే నేనూ!

సత్తెమ్మకి పుట్టిన బిడ్డ దక్కలేదు. అప్పట్నుంచి వారం వారం అన్న వెంటబెట్టుకొచ్చి, “బాగానే ఉన్నానంటోందండీ” అని చెప్పేవాడు. అబద్ధం కాదు పాపం. ఆ పిల్ల చేతులు కాస్త కదిలేసరికి ఈయన కళ్ళు నిండేవి. అది చూసి ఆమె చేతులు ఒళ్ళో పెట్టేసుకునేది. నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదట. కిటికీలోంచి చూస్తే మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని మా గుండెలు గుండెల్లో లేవు.

“ఎవరికి వినిపించాలనయ్యా ఆ కేకలు?” అన్నారు గురువమ్మ.

“నాకేనమ్మా. ఊరుకుంటే భయమేస్తోంది,” అన్నాడు గవర్రాజు.

మస్తాన్‌బీ నా కారియరు మూత లాక్కుని ఎండకి పట్టి తిప్పిందండీ, వెలుగు వెళ్ళి సత్తెమ్మ ఎదుటి గోడ మీద గంతులేసింది! ఆ పిల్ల ఇటు తిరిగింది. కిటికీలో తన భాష మాట్లాడే చేతులు!

“అందరూ వెనక్కి తిరగండి,” అన్నారు గురువమ్మ.

“నాకా సైగలు తెలియవు కదమ్మా,” అన్నాడు జోగారావు.

“గవర్రాజుకి తెలుసు. ఒక్కణ్ణే తిరగమంటే ఏం బావుంటుంది?”

తిరిగాం. చెల్లెలి మాటకి వీపు పెట్టి నిలబడటం గవర్రాజుకి అదే మొదలు. వెనకాల గాజుల చప్పుడు. ముందు ఒకటీ అరా, తర్వాత కుంభవృష్టే! మధ్యలో గొంతు తెరుచుకున్న ఏడుపు. గవర్రాజు నా భుజం పట్టుకున్నాడు గానీ తల తిప్పలేదు. ఎంతసేపటికో గడియ తీసిన చప్పుడైంది.

ఏం చెప్పిందని గవర్రాజు మస్తాన్‌బీని సైగలతో అడిగాడు. ఆవిడ నవ్వి, అతని చేతులు రెండూ పట్టుకుని మెల్లగా కిందికి దించేసింది. సత్తెమ్మ మాత్రం పొట్ట చూపించింది. ఆకలి! నాకైతే పండగే అనుకోండి!

అలవాటు కొద్దీ బంతిగా విస్తళ్ళు వేశాను. సత్తెమ్మ తన విస్తరి లాక్కుని మా ఎదురుగా వేసుకుంది. మస్తాన్‌బీ జరిగింది, గవర్రాజు జరిగాడు, బంతి కాస్తా గుండ్రమైపోయింది.

జోగారావు ఇంకా మొదటి చోటే కూర్చుని, “అమ్మా, ఇందాక నేనడిగినదానికి...” అన్నాడు.

గురువమ్మ ముద్ద కలుపుతూ, “సత్తెమ్మకి నీ మొహం కనబడటం లేదు నాయనా, కాస్త ఇటు జరుగు,” అన్నారు.