రాణికి అన్నం పెట్టిన నూకాలు

ఏ కాలం నాటి మాటో ఎవరికీ తెలీదు. తాతలకి వాళ్ళ తాతలు చెప్పగా మిగిలిన కథ. ఏరు ఇప్పుడున్న చోట కాకుండా ఊరికి అటుపక్క నుంచి పారే రోజులవి. ఊఁ కొట్టేవాళ్ళు ముందుకు రండి. కునికేవాళ్ళు గోడకి చేరండి.

అనగా అనగా గవ్వలరేవు అని ఒక ఊరు. ఆ ఊరి పెద్దదొరకి నాటకాలంటే ప్రాణం. ఆయన ఒక నాటకశాల కట్టించాడు. అలాంటిలాంటి శాల కాదు. టేకు దుంగలు ఏట్లో తేలుకుంటూ వచ్చి దానికి స్తంభాలయ్యాయి. గుమ్మానికి అటొకటి ఇటొకటి చెక్క ఏనుగులు నిలబడ్డాయి. లోపల మూడు తెరలు. ఒకటి అడవి తెర, ఒకటి కోట తెర, ఒకటి సముద్రం తెర. అడవి తెర దించితే పులి వస్తుందేమోనని తల్లులు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కునేవారు. కోట తెర దించితే మగవాళ్ళు లేచి తలపాగాలు సర్దుకునేవారు. సముద్రం తెర దించితే ముందు చాపల మీద వాళ్ళు, తడిసిపోతామని, పంచెలు పైకి ఎగ్గట్టేవారు.

నాటకాలు ఆడేది శేషాచలంగారి జట్టు. ఆయనే గురువు, ఆయనే రాజు. మిగతావాళ్ళు మంత్రులు, భటులు, రాక్షసులు. ఆ రోజుల్లో ఆడవేషం కూడా మగవాళ్ళే కట్టేవారు. కోదండం అనే నటుడు రాణి వేషం కట్టి నడుస్తుంటే, ఊళ్ళో ఆడపిల్లలు ఆ నడక నేర్చుకునేవారు. జట్టుకి రెండు పూటలా అన్నం పెట్టేది దొరగారే. శాల వెనకాల దొరగారి మనిషి పొయ్యి వెలిగించి వండేవాడు. అది పెద్దదొర ఇచ్చిన మాట.

ఆ ఊళ్ళోనే నూకాలు అని ఒక మనిషి ఉండేది. ముందూ వెనకా ఎవరూ లేరు. ఇల్లిల్లూ తిరిగి వడ్లు దంచేది. బియ్యం ఇంటివాళ్ళకి, నూకలూ తవుడూ తనకి. నూకలు వండుకుని తినేది, తవుడు పక్కింటి గేదెకి పెట్టేది. పొద్దువాలగానే రోకలి మూల పెట్టి, ముఖం కడుక్కుని, నాటకశాలలో ముందు చాప మీద కూర్చునేది. ఏ నాటకమైనా సరే, ఎన్నిసార్లు ఆడినా సరే.

నూకాలుకి ఒకటే గుణం. చూస్తూ ఊరుకోలేదు.

ఒకనాడు సవతితల్లి నాటకం ఆడుతున్నారు. సవతితల్లి పాలల్లో విషం కలిపింది. రాజకుమారుడు గిన్నె ఎత్తాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. నూకాలు లేచి నిలబడింది.

"తాగకు నాయనా. అందులో ఏదో కలిపింది. నేను చూశాను" అంది.

రాజకుమారుడు గిన్నె దించాడు. సవతితల్లి కంగారుపడి, "నేనేమీ కలపలేదు, తాగు నాయనా" అంది.

"అయితే ఆ కొంగు ముడి విప్పమను. పొట్లం అందులోనే ఉంది" అంది నూకాలు.

రాజకుమారుడు కొంగు ముడి విప్పాడు. పొట్లం ఉంది. జనం గొల్లున నవ్వారు. ఇంక రాజకుమారుడు చచ్చేదెలా? ఆ పూట చావలేదు. అరగంట ముందే పెళ్ళి చేసి తెర దించేశారు.

శేషాచలంగారు నూకాలుని పిలిచి, "అది నాటకం నూకాలూ. నిజం కాదు" అన్నాడు.

"అయినా చూస్తూ ఊరుకోలేను బాబూ" అంది నూకాలు.

ఇంకోనాడు ఇంకో నాటకం. రాణి తన పసిబిడ్డని అడవిలో వదిలేసి ఏడుస్తూ వెళ్ళిపోతుంది. తెర వెనక రేకు మీద గులకరాళ్ళు దొర్లించి వాన చప్పుడు చేస్తున్నారు. నూకాలు కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది. ఇంక ఆగలేక రంగం మీదకి ఎక్కి, బిడ్డని కొంగులో చుట్టుకుని, మెట్లు దిగి, ఏనుగుల మధ్య నుంచి ఇంటికి వెళ్ళిపోయింది.

తరువాతి రంగంలో ముని ఆ బిడ్డని చూసి ఎత్తుకోవాలి. ఎత్తుకుందామంటే బిడ్డ లేదు. ముని చెట్టు కిందా వెతికాడు, పుట్ట వెనకా వెతికాడు. గుమ్మం దగ్గర కాపలా ఉండే జోగన్న వీధి వెంట పరిగెత్తాడు.

"నూకాలత్తా, అది గడ్డి కూరిన గుడ్డబొమ్మే. ఇచ్చెయ్" అన్నాడు రొప్పుతూ.

"గుడ్డబొమ్మని నాకు తెలీదట్రా? కానీ వానలో పడేశారు. చూస్తూ ఊరుకోలేను" అంది. బొమ్మని ఒకసారి తుడిచి, జాగ్రత్తగా చేతికిచ్చింది.

ఊరంతా మూడు రోజులు నవ్వుకుంది. శేషాచలంగారు మాత్రం నవ్వలేదు. "నూకాలు ఇంక ఈ గుమ్మం దాటకూడదు" అని జోగన్నకి గట్టిగా చెప్పాడు. అప్పటి నుంచి నూకాలు శాల వెనక గోడకి ఆనుకుని, బయటే కూర్చుని వినేది. మనుషులు కనపడరు, మాటలు వినపడతాయి. పద్యం బాగుంటే ఆ గోడని తట్టి, "భేష్" అనేది.

ఇలా ఉండగా పెద్దదొర కాలం చేశాడు. చిన్నదొర గద్దె ఎక్కాడు. చెడ్డవాడు కాదు. కానీ ఆయనకి పొలాలు తెలుసు, నాటకాలు తెలీవు. ఏనుగుల గుమ్మం ముందు నిలబడి లోపలికి చూశాడు.

"ఎంత చోటు, ఎంత చోటు! నాటకం ఎవరి కడుపు నింపింది? ఇందులో వడ్లు పోస్తే ఊరి పంటంతా పడుతుంది" అన్నాడు.

శేషాచలంగారు చేతులు కట్టుకుని, "ఒక్క నాటకం చూడండి దొరా" అన్నాడు.

"సరే. వచ్చే పున్నమికి చూస్తాను. నచ్చితే శాల ఉంటుంది. నచ్చకపోతే వడ్ల కొట్టు అవుతుంది. అందాకా శాల ఖర్చులన్నీ ఆపండి" అన్నాడు చిన్నదొర.

దీపాల ఖర్చూ, తెరల ఖర్చూ ఆపమని ఆయన ఉద్దేశం. దొరగారి మనిషి మాత్రం పొయ్యి కూడా ఆపేశాడు. ఆ సంగతి దొరకి తెలీదు. ఊరికీ తెలీదు. దొరగారింటి నుంచి అన్నం వెళుతూనే ఉందని అందరూ అనుకున్నారు. జట్టులో ఒకడు, "ఊళ్ళోకి వెళ్ళి నాలుగిళ్ళు అడుగుదాం గురువుగారూ" అన్నాడు.

"వద్దు. మనం పెద్దదొర అతిథులం. మనం చెయ్యి చాపితే పోయినాయన పరువు పోతుంది. పున్నమి దాకా ఓర్చుకోండి" అన్నాడు శేషాచలంగారు.

ఉన్న అటుకులు తిన్నారు. అవి అయిపోతే బెల్లం ముక్క చప్పరించారు. అదీ అయిపోతే నీళ్ళు తాగి పద్యాలు వల్లించారు.

పున్నమి నాటి సాయంత్రం నూకాలు యథాప్రకారం గోడ దగ్గర చేరింది. లోపల కోదండం పద్యం అందుకున్నాడు. ఎప్పుడూ ఏటి అవతలి గట్టుకి వినపడే గొంతు, ఆ వేళ సగంలో తెగిపోయింది. మళ్ళీ అందుకున్నాడు. మళ్ళీ తెగిపోయింది. నూకాలు లేచి పెరటి తడిక సందులోంచి చూసింది. వంట పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. బూడిద చల్లగా, తెల్లగా ఉంది. కోదండం చీర కట్టుకుని, ఖాళీ కడుపు మీద గుడ్డ బిగించి కట్టుకుంటున్నాడు.

"అన్నం తిన్నావా నాయనా?" అని అడిగింది తడిక ఇవతల నుంచే.

కోదండం ఉలిక్కిపడి చూశాడు. "తిన్నానమ్మా" అన్నాడు. ముఖం మాత్రం అటు తిప్పుకున్నాడు.

 నూకాలు చరచరా ఇంటికి వెళ్ళింది. చేటలో ఉన్న నూకలన్నీ కుండలో పోసింది. పొయ్యి రాజేసింది. చింతపండు పిసికి పచ్చిపులుసు చేసింది. మంట మందగిస్తే ఊదింది. అక్కడ శాలలో డోలు మోగింది. ఇక్కడ కుండ ఉడుకుతోంది. అక్కడ తెర లేచింది. ఇక్కడ గంజి వార్చింది. కుండ నెత్తిన పెట్టుకుని, అరిటాకులు చంకన పెట్టుకుని, పులుసు ముంత చేత్తో పట్టుకుని బయల్దేరింది.

గుమ్మంలో జోగన్న అడ్డం నిలబడ్డాడు. "నిన్ను రానివ్వకూడదత్తా. లోపల దొరగారున్నారు" అన్నాడు.

"నేను నాటకానికి రాలేదురా. అన్నం పట్టుకొచ్చాను" అంది.

జోగన్న కుండ వంక చూశాడు. లోపల ఆడుతున్నవాళ్ళ పస్తుల సంగతి ఊళ్ళో ఎవరికైనా తెలిస్తే అది వాడికే. చెప్పొద్దని శేషాచలంగారు ఒట్టు పెట్టించుకున్నాడు.  జోగన్న పక్కకి జరిగి, చెక్క ఏనుగు తొండం మీద దుమ్ము దులపడం మొదలుపెట్టాడు.

లోపల అడవి తెర దించి ఉంది. శత్రువులు తరిమేసిన రాణి అడవిలో ఒంటరిగా తిరుగుతోంది. చిన్నదొర ముందు వరసలో కూర్చుని ఆవులిస్తున్నాడు. రాణి తూలుతూ నడిచి, మోకాళ్ళ మీద కూలబడి, చేతులు చాపి, "ఓ అడవీ! ఇంత పెద్ద అడవిలో నాకు పిడికెడు మెతుకులు పెట్టే తల్లే లేదా?" అంది.

"ఉన్నాను తల్లీ, వస్తున్నాను" అంది నూకాలు.

మెట్లెక్కి రంగం మీదకి వచ్చింది. రాణి ముందు ఆకు పరిచింది. కుండ దించి అన్నం పెట్టి, పులుసు పోసింది. ఆవిరి పైకి లేచింది. జనం ఇది కూడా నాటకంలోదే అనుకున్నారు.

కోదండం అన్నం వంక చూశాడు, తెర చాటున ఉన్న గురువు వంక చూశాడు. మనం అడిగి తినకూడదు, కానీ ఇది అడిగింది కాదు కదా అనుకున్నాడు. ముద్ద కలిపాడు. ఒక ముద్ద తిన్నాడు, రెండో ముద్ద తిన్నాడు, మూడో ముద్దకి కళ్ళలోంచి నీళ్ళు కారి, బుగ్గల మీద పూసిన రంగు చారలు కట్టింది. రాణిలా తినడం లేదు. పొలం నుంచి వచ్చిన కూలివాడిలా తింటున్నాడు.

అంతలో తెర చాటు నుంచి రాక్షసుడు వచ్చాడు. కోరలతో, గదతో వచ్చాడు. వాడు రాణిని ఎత్తుకుపోవాలి. వాడు గద పక్కన పెట్టి, కోరలు తీసి, రాణి పక్కన చతికిలబడ్డాడు. నూకాలు వాడికీ పెట్టింది. తరువాత మంత్రి వచ్చాడు. ఇద్దరు భటులు వచ్చారు. రాణిని తరిమేసిన శత్రురాజు కూడా కిరీటం తీసి కూర్చున్నాడు. కుండ అడుగు కనపడింది.

జనం మొదట నవ్వారు. తరువాత నవ్వు ఆగింది. ఒక్కొక్కరికీ అర్థమైంది.

చిన్నదొర లేచి నిలబడ్డాడు. "ఇది నాటకమని నీకు తెలీదా?" అని నూకాలుని అడిగాడు.

"తెలుసు దొరా. ఆ అడవి గుడ్డది. ఆ నగలు తగరం. ఆ రాణి మగవాడు. ఆ ఆకలి మాత్రం వేషం కాదు దొరా" అంది నూకాలు.

దొర శేషాచలంగారి వైపు తిరిగి, "మీరు అన్నం తిని ఎన్నాళ్ళయింది?" అన్నాడు. శేషాచలంగారు తల వంచుకున్నాడు. జోగన్న ఒట్టు సంగతి మర్చిపోయి, గుమ్మం దగ్గర నుంచి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

చిన్నదొర ముఖం చిన్నబోయింది.  అప్పుడు ఇలా అన్నాడు. "నా కొట్లు నిండుగానే ఉన్నాయి. అయినా నా గుమ్మం ముందు మీరు పస్తులున్నారు, నాకు తెలీలేదు. ఇంకో కొట్టు కట్టుకుని నేనేం చేస్తాను? పొయ్యి వెలిగించండి. శాల శాలగానే ఉంటుంది."

ఈలోపు చాపల మీది ఆడవాళ్ళు లేచారు. ఒకామె పప్పు తెచ్చింది, ఒకామె పెరుగు తెచ్చింది, ఒకామె ఆ పూట మొగుడికి దాచిన చేపల పులుసు తెచ్చింది. మొగుడు పక్కనే ఉన్నాడు, గిన్నె దించడానికి తనూ ఒక చెయ్యి వేశాడు. అందరి భోజనాలూ అయ్యాక నాటకం ఆగిన చోట నుంచే మొదలైంది. రాణి మళ్ళీ ఆకలి పద్యం ఎత్తుకుంది. కడుపు నిండిన గొంతు స్తంభాలని మోగించింది. ఆకలని ఒక్కరూ నమ్మలేదు, అయినా మూడుసార్లు పాడించుకున్నారు. రాక్షసుడు రాణిని ఎత్తుకుపోవడానికి వంగబోయి, వంగలేకపోయాడు. రాణే వాడి చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకుపోయింది. చిన్నదొర కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ తరువాత ఆయన ఒక్క నాటకం కూడా మానలేదు.

నూకాలుకి ముందు చాప మళ్ళీ వచ్చింది. నాటకాలు రాసేవాళ్ళు ప్రతి కథలోనూ ఎవరో ఒకరికి ఆకలి వేయించడం మొదలుపెట్టారు. బిచ్చగాడి వేషం నాకంటే నాకని నటులు పోట్లాడుకునేవారు. ఏ నాటకమైనా సరే, ఆకలి అన్న మాట వినపడితే నూకాలు కుండతో లేచేది.

అలా చాలా కాలం బతికింది. ఒకరోజు పొద్దున వడ్లు దంచి, చెరిగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని, అలాగే కన్నుమూసింది. రాజు వేషంతో శేషాచలంగారు, రాణి వేషంతో కోదండం, కోరలతో రాక్షసుడు, తలపాగాతో మంత్రి ఆమె పాడె మోశారు. మరి ఆమె చూసింది వాళ్ళని ఆ వేషాల్లోనే కదా.

ఆ తరువాత మొదటి నాటకంలో ఒక బిచ్చగాడు, "అమ్మా, ఆకలి" అన్నాడు. అని ఆగాడు.  ముందు చాప ఖాళీగా ఉంది. అంతలో వెనక నుంచి ఒక కొత్తకోడలు, ఎవరూ చెప్పకుండానే, కొంగులో అటుకులతో లేచింది.

అది మొదలు ఆ నాటకశాలలో ఎప్పుడు ఎవరికి ఆకలి వేసినా, చూసేవాళ్ళలో ఎవరో ఒకరు లేచి అన్నం పెడతారు. పెట్టేదాకా కథ కదలదు. పెట్టింది ఆఖరి మెతుకు దాకా తినాలి, రాజైనా సరే, రాక్షసుడైనా సరే. ఊళ్ళోకి ఏ జట్టు వచ్చినా, ముందు వాళ్ళ విస్తళ్ళు నిండాకే డోలు మోగుతుంది. ఆ చుట్టుపక్కల ఎవరినైనా నిన్నటి నాటకం ఎలా ఉందని అడగండి. పద్యాల మాట చెప్పరు, తెరల మాట చెప్పరు. బాగుంటే, "నూకాలు లేచింది" అంటారు. అంతకు మించిన మెప్పు ఆ ఊళ్ళో లేదు.

కథ గవ్వలరేవుకి, మనం విస్తళ్ళ ముందుకి.