దాలి ముందు నాయుడు

ఎవరైనా ప్రశ్న అడిగితే ఆశ్రమం నడిపే నరసమ్మగారు జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ సంగతి తెలిసీ బంగారునాయుడు ఒక ఉదయం ఆవిడ ముందు నిలబడ్డాడు. కూర్చోలేదు. ఆ నెలలో అతను కుదురుగా కూర్చున్నదే లేదు.

"ఏటమ్మా ఈ అన్యాయం? ఆపితే కరెంటు మిగలాలి కదా. నేను ఆపినకొద్దీ బిల్లు పెరుగుతాదేటి?"

వాళ్ల ఆశ్రమం చింతపల్లి వైపు కొండల మీద ఉంది. మార్గశిరం వచ్చిందంటే అక్కడ గడ్డి మీద మంచు పేరుకుంటుంది. ముసలివాళ్లు పడుకునే హాలుకి కిందటేడు ఒక దాత హీట్ పంపు పెట్టించాడు. బయటి చలిగాలిలో ఉన్న కాసింత వేడినే పట్టి లోపలికి మోసుకొచ్చే యంత్రం అది. అంతకుముందు బొగ్గుల కుంపట్లు ఉండేవి. ఆ పొగకి చెల్లమ్మ అనే ముసలావిడకి ఊపిరి ఆడేది కాదు. ఈ నెల కూడా బిల్లు తగ్గకపోతే యంత్రం తీయించి మళ్లీ కుంపట్లే పెడతామని కమిటీవాళ్లు చెప్పేశారు. తగ్గించే బాధ్యత నాయుడు తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు.

అతను అనకాపల్లి దగ్గర నలభై ఏళ్లు బెల్లం వండినవాడు. సంతకం తప్ప రాయలేడు గానీ, అతని పాకానికి వంక పెట్టినవాడు లేడు. బెల్లం పొయ్యికి భగభగమని మంట పెట్టాలి, పాకం రాగానే లాగేయాలి. యంత్రాన్నీ అలాగే నడిపాడు. హాలు చల్లబడితే గోడమీది మీట చివరికంటా తిప్పేవాడు, వెచ్చబడగానే కట్టేసేవాడు. రోజుకి పది పన్నెండుసార్లు. "ఆ గోడనేటి కాపలా కాస్తన్నావా తమ్ముడూ? పారిపోదులే" అని చెల్లమ్మ మంచంలోంచే ఎగతాళి చేసేది.

యంత్రం బిగించిన మెకానిక్ ఈశ్వరరావు ఆ రోజే చెప్పాడు, మీట ఒక అంకె దగ్గర పెట్టి వదిలేయమని. ఒక్కసారిగా పెంచితే లోపలున్న హీటరు రాడ్డు కూడా పనిలోకి దిగుతుందనీ, కరెంటు తాగేసేది అదేననీ చెప్పాడు. కానీ అంతకుముందు, యంత్రంతో వచ్చిన పుస్తకం నాయుడి చేతిలో చూసి ఇంకో మాట అన్నాడు: "పెద్దాయనా, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావు." నలుగురూ నవ్వారు. ఆ తర్వాత అతను చెప్పిందేదీ నాయుడు చెవికెక్కించుకోలేదు.

నరసమ్మగారు అంతా విని, "ఇవాళ దాలి నువ్వు చూడు నాయుడూ" అన్నారు.

దాలి అంటే పెరట్లో చిన్న గుంట. అందులో పిడకలు రాజేసి పాలకుండ పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగుతాయి. నాయుడికి నామోషీ అనిపించింది. నలభై ఏళ్లు పెనం ముందు నిలబడ్డవాడికి పాలకుండా? కాసేపటికే మూత తీసి చూశాడు. పాలు కదల్లేదు. ఎండుపుల్లలు వేసి ఊదాడు. మంట లేచింది, పాలు పొంగి నిప్పు మీద పడ్డాయి. నిప్పంతా లాగేశాడు. హాల్లోకి పరిగెత్తి మీట తిప్పి వచ్చేసరికి కుండ చల్లారింది. మళ్లీ రాజేశాడు. పొద్దు వాలేసరికి కుండలో మాడు కంపు. నాలుగు రోజులకి సరిపోయే పిడకల బుట్ట ఖాళీ.

మర్నాడు నరసమ్మగారు బుట్ట నింపించి, తానే మూడు పిడకలు రాజేసి, ఊక చల్లి, నివురు కప్పి, కుండ పెట్టారు. "చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చో" అన్నారు.

అంతకంటే కష్టమైన పని నాయుడు జన్మలో చేయలేదు. మోకాళ్లు ఊగాయి. వేళ్లు పుల్లల వైపు పాకాయి. పొద్దున్న కట్టేసి వచ్చిన యంత్రం గుర్తొచ్చి రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ ఆవిడ చూపుకి కూర్చున్నాడు.

"ఆరిపోయిందేమోనమ్మా."

"లేదు."

"పోనీ ఒక్క పుల్ల..."

"వద్దు."

సాయంత్రం మూత తీశారు. పాలు ఇటుక రంగుకి తిరిగాయి, పైన వేలి మందాన మీగడ కట్టింది. నాయుడు మీగడ చూడలేదు. పిడకల బుట్ట చూశాడు. మూడే తగ్గాయి. చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "అయితే ఆ మీట ఎక్కడ పెట్టి వదిలీయాలంటారు?"

"ఈశ్వరరావుకి తెలుసు. ఫోను చెయ్యి."

నాయుడి మొహం గట్టిపడింది. "ఆ మనిసినా? సచ్చినా అడగను. మంట పెట్టడం, లాగడం, అంతేనమ్మా నాకొచ్చింది. నిదానంగా కాయడం నా వల్ల కాదు."

ఎండ దిగిపోయి హాలు చల్లబడుతోంది. లోపల చెల్లమ్మ దగ్గింది.

నరసమ్మగారు గ్లాసులో పాలు పోసి అతని ముందు పెట్టారు.

"పుస్తకం తలకిందులైన రోజు నుంచి ఇవాళ్టిదాకా ఆ మనిషి మీద కోపాన్ని ఒక్క పూట ఆరనివ్వలేదు, ఒక్క పూట పొంగనివ్వలేదు. నిదానంగా కాయడం నీకు రాదని ఎవరన్నారు, నాయుడూ?"