బుర్రా వారి జాగ్రత్త

బుర్రా కామేశం ఇంట్లో ఐదుగురు మనుషులు. ఐదుగురూ తెలివైనవాళ్ళే. ఎవరికి ఎక్కువ అన్నదాని మీద మాత్రం రోజూ భోజనాలయ్యాక తగాదా పడేవాళ్ళు. అందరికంటే ముందు పుట్టాను కాబట్టి పెద్ద వాటా నాదే అనేది తల్లి వీరమ్మ. పుట్టింటి తెలివి కొంత, అత్తింటి తెలివి కొంత కలిసి నా దగ్గరే ఎక్కువుందనేది భార్య రత్తాలు. పదేళ్ళ గిరిజ, ఏడేళ్ళ వాసు, మేం పైగా బడికి కూడా వెళ్తున్నామనేవాళ్ళు. కామేశం నవ్వి ఊరుకునేవాడు. బట్టల కొట్లో గుమస్తా జీతంతో ఇంత తెలివినీ ఒంటిచేత్తో పోషిస్తున్నవాడు అతనే మరి.

ఆ ఏడు ఎండలు ముదరకముందే కరోనా వచ్చిపడింది. కొట్టు మూసేశారు, బడి మూసేశారు. కామేశానికి నిజంగానే భయం పట్టుకుంది. తనకేమైనా ఫరవాలేదు, పిల్లలకి మాత్రం ఆ జబ్బు సోకకూడదు. వాసుకి అసలే మబ్బు పడితే చాలు, ముక్కు కారుతుంది. అందుకని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, పెద్దవాళ్ళు చెప్పినమాట చెప్పినట్టు చేస్తామని ఒట్టు వేయించాడు. పక్కింటి మాధవయ్య మేష్టారు అరుగు మీంచి ఇదంతా విని కిసుక్కున నవ్వాడు. రిటైరైన హెడ్మాస్టరు, వీధి మొత్తానికి ఆయన్ని మించిన తెలివైనవాడు లేడని పేరు. బుర్రా వాళ్ళు ఆ పేరుని ఎప్పుడూ ఒప్పుకోలేదు.

మొదట పోలీసాయన జీపులో వచ్చి, "ఎవడైనా గడప దాటాడో, కాళ్ళు విరగ్గొడతాను" అని మైకులో చెప్పిపోయాడు. అంతే, కామేశం సందు వైపు కిటికీకున్న ఊచలు కోసి పారేశాడు. పాలకి కిటికీలోంచే దూకాడు, కూరలకి కిటికీలోంచే దూకాడు. వీరమ్మ లావుపాటి మనిషి. మందులకని వెళ్తూ కిటికీలో సగం దాకా వచ్చి ఇరుక్కుపోయింది. కొడుకు బయట నుంచి చేతులు లాగాడు, కోడలు లోపల్నుంచి కాళ్ళు లాగింది. ఇద్దరూ ఎవరి వైపుకి వాళ్ళే లాగుతున్నారని కాసేపటికి గానీ ఎవరికీ తట్టలేదు.

"ఏమిట్రా కామేశం, తలుపు తెరిచే ఉందిగా?" అన్నాడు మాధవయ్య.

"తలుపుకి గడపుంది మేష్టారూ. కిటికీకి లేదు," అన్నాడు కామేశం జాలిగా. ఇంత చదువుకున్నవాడికి ఈపాటి తెలియకపోవడమేమిటి అనుకున్నాడు.

తర్వాత టీవీలో మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల దూరం ఉండాలన్నారు. ఇంకేముంది, ఆరడుగుల వెదురు గడ తెచ్చి ఇల్లంతా కొలిచారు. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. వీరమ్మ గదిలో, రత్తాలు వంటింట్లో, కామేశం స్నానాలగదిలో, గిరిజ మంచం కింద, వాసు అటక మీద. కుదిరిపోయింది. అన్నాలే ఇబ్బందయ్యాయి. వాసు నానమ్మ చేత్తో పెడితే తప్ప తినడు. వీరమ్మ పప్పన్నం ముద్దలు చేసి కింద నుంచి అటక మీదికి విసిరింది, వాడు నోరు తెరిచి పట్టుకున్నాడు. పట్టుకున్నవి రెండు. మిగిలిన పప్పన్నమంతా గోడే తింది.

"పిల్లాడు బాగానే తిన్నాడత్తయ్యా. గిన్నె ఖాళీ అయింది," అని రత్తాలు సంతోషపడింది.

ఫోనులో పాఠాలు మొదలయ్యాయి. "నేను చెప్పేదాకా ఎవరూ కదలకూడదు" అంది టీచరమ్మ. అన్న మరుక్షణం నెట్ పోయింది. టీచరమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోయింది. గిరిజా వాసూ కూడా ఎక్కడి వాళ్ళక్కడ ఆగిపోయారు. వాసు ముక్కు మీద ఈగ వాలింది. తోలుకోవడానికి వీల్లేదు. కామేశం విసనకర్రతో తోలబోతే ఆ దెబ్బ ముక్కుకి తగిలింది. అయినా వాడు కదల్లేదు, కళ్ళల్లోంచి నీళ్ళు మాత్రం కదిలాయి. చీకటి పడ్డాక ఫోను చార్జింగు అయిపోయి టీచరమ్మ మొహం మాయమైంది. అప్పుడు గానీ వాళ్ళు లేవలేదు.

"చదువంటే ఇదీ," అన్నాడు కామేశం. "బళ్ళో అయితే నాలుగింటికే వదిలేసేవాళ్ళు."

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ వారమే ఆరోగ్య కార్యకర్త సరోజిని ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. "బయట నుంచి ఏం తెచ్చినా సబ్బునీళ్ళతో శుభ్రంగా కడిగాకే వాడుకోండమ్మా" అని చెప్పింది. రత్తాలు తలూపింది. కామేశం తెచ్చిన సరుకులన్నీ బకెట్లో వేసి కడగడం మొదలుపెట్టింది. వంకాయలు కడిగింది, బాగున్నాయి. ఉప్పు కడిగింది.

"ఉప్పేదే?" అంది వీరమ్మ.

"కడిగానత్తయ్యా."

"కడిగితే ఏదీ?"

రత్తాలు బకెట్లో చెయ్యి పెట్టి అడుగు దాకా వెతికింది. పంచదార కూడా లేదు. ఐదుగురూ బకెట్ చుట్టూ చేరి ఆలోచించారు. చివరికి తేల్చినవాడు కామేశమే. "అది ఉప్పు కాదు, ఉత్త మురికి. మురికంతా వదిలేసరికి ఇంకేం మిగల్లేదు. కొట్టువాడు మనకి ఇన్నేళ్ళూ మురికి అమ్మాడన్నమాట." పిల్లలు ఇన్నాళ్ళూ అది తిన్నారని తలుచుకుని అతనికి ఒళ్ళు జలదరించింది.

కారం మాత్రం మంచిది, కడిగినా ఉంది. కాకపోతే ముద్దయింది. బయట ఆరబెడదామంటే గడప దాటకూడదు. అందుకని గది నిండా పాత పంచె పరిచి, దానిమీద కారం పల్చగా నెరిపి, పైన ఫ్యాను పెద్దది చేసి పెట్టారు. పొద్దు వాలేసరికి కారం ఆరింది. ఆరడంతోటే లేచింది. ఇంకేముంది, ఇల్లంతా ఎర్రటి దుమారం. వీరమ్మ తుమ్మింది, రత్తాలు దగ్గింది, గిరిజ కళ్ళు వాచాయి. అటక మీద వాసు ఆపకుండా తుమ్ముతుంటే కామేశం బావురుమన్నాడు. దేనికైతే ఇన్నాళ్ళూ భయపడ్డాడో అదే ఇంట్లోకొచ్చింది. కారం నోట్లోకి పోతున్నా ఫ్యాను ఆపాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. గాలి ఆడితే జబ్బు పోతుందని టీవీలో చెప్పారుగా. అతను ఏడుస్తూనే సరోజినికి ఫోన్ చేశాడు.

ఆమె పాపం అప్పటికే సగం ఊరు తిరిగి ఉంది. గుమ్మం ముందు బండి ఆపింది. లోపల్నుంచి తుమ్ములూ దగ్గులూ వినిపించాయి. "పొద్దున్నే వచ్చి పరీక్ష చేస్తాను. అందాకా కాగితంలో ఉన్నట్టు నడుచుకోండి" అని కేకేసి, తలుపు మీద ఒక కాగితం అంటించి వెళ్ళిపోయింది. ఆమెతో మాట్లాడదామని వీరమ్మని అందరూ ఈసారి ఒకవైపుకే నెట్టి, ఐదుగురూ కిటికీలోంచి ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి దూకి, చుట్టూ తిరిగి వీధిలోకొచ్చేసరికి అక్కడ కాగితం ఒక్కటే ఉంది.

గిరిజ కూడబలుక్కుని చదివింది. "ఈ ఇంట్లోకి ఎవరూ ప్రవేశించరాదు."

"ఎవరూ అంటే మనం కూడానా?" అంది రత్తాలు.

"ఎవరూ అంటే ఎవరూనే," అన్నాడు కామేశం.

"నేనొక్కణ్ణీ వెళ్ళొచ్చా నాన్నా?" అన్నాడు వాసు.

"ఒక్కడైనా 'ఎవరూ'లోకే వస్తాడురా," అని కామేశం వాడి తల నిమిరాడు.

అంతే, ఐదుగురూ వీధిలో చతికిలబడ్డారు. అంతలో పోలీసు జీపొచ్చింది. "ఏంటయ్యా, పిల్లల్నేసుకుని రోడ్డు మీద? ఇంట్లోకి పోవేం?" అన్నాడు పోలీసాయన. కామేశం కాగితం చూపించి, వెళ్ళడానికి వీల్లేదని చెప్పాడు. ఆయనకి రోజంతా ఎండలో తిరిగి తల వాచిపోయి ఉంది. "ఏదో ఒక ఇంట్లోకి పోండి. రోడ్డు మీద మాత్రం కనపడొద్దు," అని అరిచి వెళ్ళాడు.

ఏదో ఒక ఇల్లు పక్కనే ఉంది. మాధవయ్యది. కాగితం కూడా లేదు. ఐదుగురూ తోసుకుని లోపలికెళ్ళారు. మాధవయ్య ఆ ఉక్కలో దుప్పటి కప్పుకుని మంచమ్మీద వణుకుతున్నాడు. వీళ్ళని చూసి బిత్తరపోయాడు.

"పొండిరా బాబూ, నా ఒంట్లో బాగోలేదు."

"కాగితం లేదుగా మేష్టారూ. మీకేం లేదు," అన్నాడు కామేశం ధైర్యం చెబుతూ.

ముందురోజే సరోజిని అడిగితే మాధవయ్య, జ్వరమా, నాకా, అని నవ్వి పంపేశాడు. తలుపు మీద కాగితం పడితే పరువు పోతుందని భయం. తెలివైనవాడు కదా. ఇప్పుడు నిజం చెబితే రేపు వీధంతా తెలుస్తుంది. అందుకని గోడవైపు తిరిగి పడుకున్నాడు. బుర్రా వాళ్ళది జాలిగుండె. రత్తాలు చారు కాచింది, వీరమ్మ నుదురు పట్టింది, పిల్లలిద్దరూ చెరో పక్కా మంచమెక్కి కాళ్ళు నొక్కారు.

"ఆరడుగులో?" అంది గిరిజ.

"అది మనింటి టీవీ చెప్పింది. ఇది వేరే ఇల్లు," అంది వీరమ్మ.

ఇంకేముంది. సరోజిని పొద్దున్నే వచ్చి మొదట ఖాళీ ఇల్లు చూసింది, తర్వాత మంచమూ మంచం చుట్టూ మనుషుల్నీ చూసింది, తల పట్టుకుంది. నాలుగురోజులు తిరిగేసరికి ఆ ఇంట్లో ఆరుగురికీ జబ్బే. వాసుకి ఒళ్ళు కాలిపోతుంటే కామేశం వాణ్ణి ఒళ్ళో వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "అందరూ చెప్పినవన్నీ చేశానే, ఒక్కటి తప్పలేదే" అన్నాడు. మాధవయ్య దుప్పటి ముసుగు తియ్యలేదు.

అదృష్టం కొద్దీ అందరూ కోలుకున్నారు. వాసు మళ్ళీ నానమ్మ చేతి ముద్ద కోసం పేచీ పెట్టడం మొదలుపెట్టాక కామేశానికి ప్రాణం లేచొచ్చింది. ఇక మీ ఇంటికి మీరు వెళ్ళొచ్చని సరోజిని చెప్పింది. ఐదుగురూ వచ్చి తమ ఇంటి ముందు నిలబడ్డారు. కామేశం ఇంటిని పైనుంచి కిందిదాకా చూశాడు. మళ్ళీ చూశాడు. తెలివి పనిచేసింది.

"అందరికీ వచ్చింది. దీనికి రాలేదు. ఎందుకని?" అన్నాడు.

"లోపలికి ఎవరూ వెళ్ళలేదు కాబట్టి," అంది రత్తాలు.

"మరి ఇప్పుడు మనం వెళ్ళి దాన్నెందుకు పాడుచెయ్యడం?"

నిజమే అనుకున్నారు అందరూ. తాళం కప్ప తెచ్చి తలుపుకి వేశారు, కిటికీకి పలకలు కొట్టారు, అరుగు మీద చాప పరుచుకుని కాపురం పెట్టారు. ఆ వేసవంతా ఎండకి ఎండారు, తొలకరికి తడిశారు, ఐదుగురూ ఆపకుండా తుమ్మారు. ఇల్లు మాత్రం ఒక్కసారి తుమ్మితే ఒట్టు.