నూకరాజు తూము

“తప్పు చేసినవాడు హాయిగా నిద్రపోతున్నాడు. చేయనివాడికి కంటిమీద కునుకు లేదు. ఇదెక్కడి న్యాయం పంతులుగారూ?” అని ధనుంజయం అడిగాడు.

పట్టాభి పంతులుగారు బడి ఉద్యోగం విరమించాక సాయంత్రాలు తమ ఇంటి అరుగు మీద నలుగురికి వేదాంతం చెప్పేవారు. ఎవరేమి అడిగినా ముందు ఆ ప్రశ్న వెనక ఉన్న మనిషిని గురించి విచారించడం ఆయన పద్ధతి. “ఎవరా తప్పు చేసినవాడు?” అన్నారు.

ధనుంజయానికి కాలవ మీద లస్కరు ఉద్యోగం వచ్చి మూడు నెలలయింది. సాయంత్రం తూము తలుపు దించి, గొలుసు వేసి ఇంటికి పోవడమే పని. దించకపోతే కింద వరినారు పోసిన ఆకుమళ్లు మునిగిపోతాయి. అతను చక్రం ఆఖరిదాకా తిప్పేవాడు, తాళం లాగి చూసేవాడు, గట్టు మీద కొంత దూరం వెళ్లేవాడు. మూశానా? అని అప్పుడు అనుమానం పట్టుకునేది. వెనక్కి వెళ్లి చూస్తే మూసే ఉండేది. తిరిగి నడుస్తుంటే, చూసింది సరిగ్గా చూశానా అనిపించేది. ఇలా నాలుగుసార్లు, ఒక్కోరోజు తొమ్మిదిసార్లు.

అదే గట్టు మీద, ఊరికి దగ్గరగా ఉన్న తూము నూకరాజుది. అతను చక్రం తిప్పి, చేతులు తుడుచుకుని, సైకిలెక్కి పోయేవాడు. వెనక్కి తిరిగేవాడు కాడు. ఆ వెళ్లిపోయే వీపును చూస్తే ధనుంజయానికి ఒళ్లు మండేది. తెల్లవారుతూనే డ్యూటీకి పోతూ ముందు నూకరాజు తూము దగ్గర ఆగేవాడు. తెరిచి ఉంటే బాగుండునని ఆగేవాడు.

ఒకరోజు నిజంగానే జానెడు తెరిచి ఉంది. ఎవరిదో ఆకుమడి సగం మునిగింది. ధనుంజయం ఆ సంతోషాన్ని దాచుకోలేక పరుగున వెళ్లి ఊళ్లో చెప్పాడు. నూకరాజు వచ్చి తలుపు దించాడు, మడికి గండి కొట్టి నీళ్లు తీశాడు, రైతు చేతులు పట్టుకున్నాడు, ఇంజనీరు చేత తిట్లు తిన్నాడు. ఆ సాయంత్రం మళ్లీ చక్రం తిప్పి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

“తప్పు జరిగాక కూడా వాడు అలాగే వెళ్లిపోయాడండి! అది నాకు భరించరాకుండా ఉంది,” అన్నాడు ధనుంజయం.

మర్నాడు సాయంత్రం పంతులుగారు చేతికర్ర పట్టుకుని ధనుంజయం తూము దగ్గరికి వచ్చారు. ధనుంజయం తలుపు దించి, తాళం వేసి, ఆయన వెంట బయలుదేరాడు. నూకరాజు తూము కనుచూపు మేరలోకి వచ్చేసరికి ఆగిపోయాడు. “ఒక్కసారి చూసొస్తానండి,” అని వెళ్లాడు. వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. మూడోసారి వెళ్లబోయి ఆగి, “మీరు పక్కనే ఉన్నారుగా, మూశానని ఒక్కమాట చెప్పండి, చాలు,” అన్నాడు.

“నిన్న ఎవరు చెప్పారు?”

“మా ఆవిడండి. ఇంటి నుంచి వచ్చి చూసి చెప్పింది.”

“ఎంతసేపు నిలిచింది ఆ మాట?”

ధనుంజయం తల దించుకున్నాడు. “అన్నం తినేదాకా.”

ఇద్దరూ నడిచి వెళ్లేసరికి నూకరాజు పని ముగించి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. పంతులుగారు అతన్ని పలకరించి, “తూము గట్టిగా మూశావా?” అని అడిగారు.

“మూశానండి.”

“నిజంగానా?”

నూకరాజు చెయ్యి ఆగింది. తల తిప్పి తూము వైపు చూశాడు. ఆ ముఖంలో తనకు బాగా తెలిసిన కలవరం కనిపించి, ధనుంజయం మనసు ఒక్క క్షణం చల్లబడింది.

“తెలీదండి,” అన్నాడు నూకరాజు. “మొదట్నుంచీ ఇదే గోల, మడి మునిగిన కాడ్నుంచి మరీనండి. ఒకసారి చూసుకుంటాను. రెండోసారి చూస్తే మూడోసారి చూడమంటది. తూము పిలిస్తే పిలవనీలే అని పోతన్నానండి, ఆయ్.”

“మరి నిద్ర?”

“ఓ రోజు పడతది, ఓ రోజు పట్టదండి. పొద్దున్నే పనుందిగా, లేస్తాను.” అని సైకిలెక్కాడు.

ధనుంజయం కదల్లేదు. ఇన్నాళ్లూ తాను అసూయపడింది నూకరాజు నిశ్చింతను చూసి. తీరా చూస్తే అది ఆ మనిషి దగ్గర లేనే లేదు. తనను ఎవరో మోసం చేసినట్టనిపించింది. “ఇప్పటికీ నాది తెరిచే ఉన్నట్టుందండి,” అన్నాడు నీరసంగా.

పంతులుగారు ఊరివైపు నడక సాగించారు. ధనుంజయం తన తూము వైపు ఒకసారి, దూరమవుతున్న సైకిలు వైపు ఒకసారి చూశాడు. మూశానా అన్న అనుమానం పోలేదు. ఆ అనుమానంతోనే నాలుగంగల్లో ఆయన్ని కలుసుకున్నాడు.

ఆయన తల తిప్పకుండానే అన్నారు: “వాడి దగ్గర లేనిదాని కోసం ఇన్నాళ్లూ కుళ్లుకున్నావు నాయనా. అనుమానంతోనే సైకిలెక్కుతాడు చూడు, ఇకనుంచి ఆ ఉన్నదాని కోసం కుళ్లుకో.”