రెండు చీటీలు, ఒక సంచీ

నీలవేణికి ఆ గుర్తు మీద పగ పుట్టింది. మూడేళ్ల పరిశోధన చివర్లో 'సమానం' అని తేలుతుందనుకుంటే, లెక్క కాస్తా 'తక్కువ లేదా సమానం' దగ్గర మొండికేసి కూర్చుంది. ఎన్నిసార్లు తిరగేసినా అంతే.

చెప్పుకోవడానికి ఆమె లెక్క చిన్నదే. రెండు చోట్ల నుంచి కబుర్లు వస్తున్నాయనుకోండి. ఒక్కోచోటి కబుర్లో ఎంత సమాచారముందో విడివిడిగా కొలిచి కూడితే ఎంతొస్తుందో, రెండింటినీ కలిపి కొలిచినా అంతే రావాలని ఆమె పట్టు. అందుకోసం తనే ఒక కొత్త కొలత కట్టింది. తీరా కలిపి కొలిస్తే కాస్త తక్కువొస్తోంది. ఎక్కడో చిల్లు పడింది, ఏదో కారిపోతోంది అని పిల్లకి బెంగ. తిండి కూడా సయించడం లేదు.

శనివారం పొద్దున్నే కాగితాల కట్ట పట్టుకుని గుంటూరులో దైవసహాయం మాస్టారింటికి వెళ్లింది. ఆయన యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఈమె ఆయనకి ఆఖరి శిష్యురాలు.

"నావల్ల కాదు సార్. పీహెచ్‌డీ మానేస్తున్నా. నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీ వాళ్లు సోమవారం చేరమన్నారు," అంటూ కట్ట బల్ల మీద పెట్టింది.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఆ గుర్తున్న పేజీ చదివారు. మళ్లీ చదివారు. జేబులోంచి ఒక చీటీ తీసి ఆమె చేతిలో పెట్టారు.

"రైతుబజారుకెళ్లి వారానికి సరిపడా కూరలు తెచ్చిపెట్టమ్మాయ్. నా మోకాళ్లు మొరాయిస్తున్నాయి. లోపల అమ్మగారినడిగి ఆవిడ చీటీ కూడా తీసుకో."

కొంప మునిగి నేనేడుస్తుంటే ఈయనకి కూరగాయల గోలేంటని మనసులో అనుకుంది గానీ, గురువుగారి మాట కాదంటుందా? వంటగదిలో రత్నమణిగారు తన చీటీ ఇస్తూ నవ్వారు.

"ఆయనకి చూపించకు తల్లీ. ఎవరిది వాళ్లం రాసుకోవడం మాకు మొదట్నుంచీ అలవాటు. ఒకరిది ఒకరు చూస్తే మొహమాటపడి మా కోరికలు కొట్టేసుకుంటాం."

బజార్లో నీలవేణి రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చదివింది. కాకరకాయలు రెండింట్లోనూ ఉన్నాయి. ఆవిడకి షుగరని ఆయన రాశారు, ఆయనకి కాకరంటే ప్రాణమని ఆవిడ రాశారు. మూడేళ్లుగా ఆ ఇంట్లో భోంచేస్తున్న పిల్లకి ఆ మాత్రం తెలియదా? గోంగూరా అల్లమూ కూడా ఇద్దరూ రాశారు. దొండకాయల పక్కన ఇద్దరూ 'లేతవి' అని కింద గీత కూడా గీశారు. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వి వారం పైనే అయింది.

తిరిగొచ్చాక మాస్టారు నేలమీద పేపరు పరిచి అన్నీ ఒక్కొక్కటే తీయించారు.

"చీటీల్లో ఎన్ని రకాలున్నాయి?"

"మీవి ఏడు, అమ్మగారివి ఆరు. పదమూడు సార్."

"ఇక్కడ తొమ్మిదేగా ఉన్నాయి. సంచీకి చిల్లుగానీ పడిందా?"

"లేదు సార్. నాలుగు మీరిద్దరూ..."

అంటూనే ఆగిపోయింది. మాస్టారు దొండకాయొకటి విరిచి, లేతదో కాదో చూస్తున్నారు.

నీలవేణి బల్ల మీది కట్టని ఒళ్లోకి లాక్కుంది. ఆ పేజీ తెరిచి, ఆ గుర్తుకేసి చాలాసేపు చూసింది. ఈసారి దాన్ని కొట్టేయాలనిపించలేదు.

"పెన్సిలుందా సార్?"

ఇచ్చారు. ఆమె రాస్తూ రాస్తూ తలెత్తింది.

"మరి ఒక్కటీ తగ్గకుండా, విడిగా కూడిందీ కలిపి కొలిచిందీ సరిగ్గా సమానమయ్యేదెప్పుడు సార్?"

మాస్టారు వంటగది వైపు చూశారు. లోపల రత్నమణిగారు గోంగూర కడుగుతున్నారు.

"మా ఇంట్లో ఒక్కసారే అయిందమ్మా," అన్నారు. "ఒకరి రుచులు ఒకరికి తెలియని రోజుల్లో, పెళ్లైన మొదటి వారం."