వాక్కాయ కంచెకు వంకర కాలువ

అనగనగా ఒక అడవిలో (పేరు అడక్కండి, చెప్పేవాడు అందులో ఇప్పటికీ దారి తప్పుతూనే ఉంటాడు) ఒక జంతువుల పేట ఉండేది. రెండు బండరాళ్ళ మధ్య సందే ఆ పేటకు గుమ్మం. దానికి అడ్డంగా పాత ముళ్ళకంచె ఉండేది. ఎండల మొదట్లో కారుచిచ్చు వచ్చి కంచెను కాస్తా బూడిద చేసింది.

పేటంతా గుమ్మం దగ్గర కూడింది. ఏటా తొలకరికి రేసుకుక్కలు, అంటే గుంపుగా వేటాడే అడవికుక్కలు, ఆ దారినే వస్తాయి మరి.

"వాక్కాయ పొదలు నాటుదాం. ముళ్ళు గట్టివి. వేళ్ళతో సహా పెకలించి తేవడం నా వంతు," అన్నాడు అడవిపంది బురదప్ప.

"పూలు కూడా తెల్లగా బాగుంటాయి. చుట్టాలొస్తే పేట పరువు నిలబడుతుంది," అన్నాడు నెమలి సోకులయ్య.

"సరే, ఈ ఎండల్లో వాటికి నీళ్ళెవరు పోస్తారు?" అంది చెవులపిల్లి.

అందరూ పందికొక్కు గునపయ్య వైపు చూశారు. పైన కొండ ఊట ఉంది. అక్కడి నుంచి కాలువ తవ్వగలిగేది అతనొక్కడే.

"కాలువ నాకొదిలేయండి. ఊట దగ్గర మొదలెట్టి తిన్నగా గుమ్మంలోకి దించుతా," అన్నాడు గునపయ్య మీసం తిప్పి.

"గునపయ్యన్నా, గుమ్మం పక్కన మొదటి ఇల్లు నాదే. నా పిల్లలకింకా పరుగు రాదు. నీదే భారం," అంది చెవులపిల్లి.

"బెంగ పడకు చెల్లెమ్మా!"

బురదప్ప పొదలు తెచ్చి నాటాడు. గునపయ్య తవ్వకం మొదలెట్టాడు. పనిలో అతనికి వంక పెట్టలేం. కానీ "కుదరదు" అనే మాట మాత్రం అతని నాలుక మీద ఎన్నడూ నిలవలేదు. ఎవరైనా కాస్త పొగిడితే చాలు, ఒళ్ళు మరిచిపోయేవాడు.

ముందు సోకులయ్య వచ్చాడు. "మావా, నీ అంత పనివాడు ఈ కొండ మీద పుట్టలేదు. కాలువను కాస్త నా బండ పక్కకు తిప్పు. నీళ్ళలో నా పింఛం చూసుకుంటా."

"కాస్తే కదా!" అని గునపయ్య కాలువను ఎడమకు తిప్పాడు.

తరవాత బురదప్ప వచ్చాడు. "పొదలు మోసిన నడుం ఇది. పొర్లడానికి రవ్వంత బురదైనా దక్కొద్దూ? నెమలికి ఒప్పుకుని నాకు కాదంటావా?"

"రవ్వంతే కదా!" అని కుడికి తిప్పాడు.

మూడోవాడు ఎవరూ రాలేదు. గునపయ్యే తన బొరియ ముందు ఆగి ఆలోచించాడు. "అందరికీ తవ్వినవాణ్ని. నా ఇంటిముందు చల్లగా ఉంటే ఎవరేమంటారు?" అనుకుని కాలువను తన గడప చుట్టూ ఓ చుట్టు తిప్పాడు.

నీళ్ళు వదిలారు. సోకులయ్య బండ దగ్గర కొంత ఆగాయి. బురదప్ప గుంటలో కొంత ఇంకాయి. గునపయ్య గడప దగ్గర మిగతాది ఇంకింది. గుమ్మం చేరింది ఒట్టి తడి మాత్రమే.

"అన్నా, నీళ్ళు రాలేదు," అంది చెవులపిల్లి.

"కొత్త కాలువ చెల్లెమ్మా, నేల దాహం తీరాలిగా. రేపొస్తాయి."

వాక్కాయ ఆకులు ముడుచుకున్నాయి. అవతలి కొండ మీద రేసుకుక్కల ఊళ వినబడింది.

"అన్నా, ఆకులు రాలుతున్నాయి."

"ఎండదెబ్బ. రేపు చూస్తాలే."

గునపయ్య చల్లటి మట్టిలో పొట్ట ఆనించి పడుకున్నాడు. కుదురు చిక్కలేదు. ఇటు దొర్లాడు, అటు దొర్లాడు. లేచి కాలువ వెంట సగం దూరం పోయాడు. "వంపు తీసేస్తే సోకులయ్య ఏమనుకుంటాడో!" అని వెనక్కొచ్చాడు. మళ్ళీ పోయాడు. "బురదప్పకు కోపమొస్తుందేమో!" అని మళ్ళీ వచ్చాడు. తన గడప ముందు వంపు సంగతి మాత్రం పొరపాటున కూడా తలుచుకోలేదు.

ఊళ ఈసారి దగ్గరి కొండ మీద నుంచి వచ్చింది.

మర్నాడు చెవులపిల్లి ఏమీ అడగలేదు. పిల్లల్ని ముందు నడిపించుకుంటూ గునపయ్య గడప ముందు నుంచి పోయింది.

"ఎక్కడికి చెల్లెమ్మా?"

"ఏటి అవతలికి. మీరు చల్లగా ఉండండి అన్నా."

గునపయ్య ఖాళీ ఇంటి వైపు చూస్తూ నిలబడ్డాడు. పేటలో మొదటి ఇల్లు ఖాళీ అయింది. అంటే ఇక రెండో ఇల్లే మొదటిది. ఆ రెండో ఇల్లు ఎవరిది?

ఒక్క గెంతుతో వెళ్ళి తన గడప ముందు వంపు పూడ్చి, కాలువను తిన్నగా తవ్వేశాడు. ఆ ఊపులోనే బురదప్ప గుంట దగ్గరికి ఉరికాడు.

"ఏయ్ కొక్కూ! నా బురద మీద చెయ్యేశావో..." అని గుర్రుమన్నాడు బురదప్ప.

"చెవులపిల్లి వెళ్ళిపోయింది. ఇప్పుడు మొదటి ఇల్లు నాది. నా తరవాత ఇల్లెవరిదో నువ్వే చెప్పు బావా!"

బురదప్ప తన పిల్లల వైపు చూశాడు. తనే మూతితో గుంటలోకి మట్టి నెట్టాడు. సోకులయ్య పొదలో గుడ్లున్నాయి. అతనూ పింఛం ముడిచి, తన బండ పక్క వంపులోకి కాళ్ళతో మట్టి దువ్వాడు. పొద్దు వాలేలోగా నీళ్ళు తిన్నగా, గలగలా గుమ్మంలో పడ్డాయి.

వాక్కాయ పొదలు బతికాయి. తొలకరికి కుక్కలొచ్చాయి. మూతులు పెట్టి, ముళ్ళు గుచ్చుకుని, కుయ్యోమంటూ పోయాయి. పేటంతా గంతులేసింది.

గునపయ్య ఏరు దాటి పరుగెత్తాడు. "చెల్లెమ్మా, కంచె నిలబడింది! ఇక భయం లేదు. ఇంటికి రా!"

చెవులపిల్లి పిల్లలకు గడ్డి తుంచి పెడుతోంది. తలెత్తి అడిగింది. "నీళ్ళు ఎప్పుడొచ్చాయన్నా?"

"నువ్వు వెళ్ళిన రోజే."

"నేను బతిమాలినప్పుడు రాని నీళ్ళు, నీకు భయమేశాక వచ్చాయన్నమాట. కంచె మంచిదే అన్నా. దాని వెనక ఉన్న పొరుగువాళ్ళనే నమ్మలేను."

గునపయ్య ఒంటరిగా తిరిగొచ్చాడు. వాక్కాయ పొదలు తెల్లగా పూశాయి. పేటలో మొదటి ఇంట్లోకి మాత్రం ఎవరూ రాలేదు. రెండో ఇంట్లో గునపయ్య ఆకు కదిలినా లేచి కూర్చుంటున్నాడు.

నీతి: పొరుగింటి ఆపద తన గడప తొక్కాక కదిలినవాడికి కంచె మిగలొచ్చు గాని, పొరుగు మిగలదు.